ఒకే కారు, ఒకే ట్రాకు, మూడు రకాల టైర్లు: థండర్‌హిల్‌లో రెండు సీజన్ల పోలిక

ఉత్తర కాలిఫోర్నియాలో విల్లోస్ అనే చిన్న ఊరి పక్కన ఉన్న థండర్‌హిల్ రేస్‌వేలో, మూడు మైళ్ళ తూర్పు ట్రాకు మీద, రెండో మలుపు ఎడమవైపుకు చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ మలుపు పొడవునా కారు బరువు కుడివైపుకు, అందులోనూ ముందు కుడి టైరు మీదికి ఒరిగి ఉంటుంది. స్టీరింగును దాదాపు ఒకే కోణంలో పట్టుకుని, యాక్సిలరేటరు మీద పాదాన్ని కొద్దికొద్దిగా సవరించుకుంటూ, టైరు ఇంకా పట్టు ఇస్తోందా, జారడం మొదలుపెట్టిందా అన్నది చేతులతోనూ నడుముతోనూ గమనించడానికి అంత వ్యవధి ఇచ్చే చోటు ఆ ట్రాకులో నాకు మరొకటి కనబడలేదు. గత రెండు సీజన్లలో నేను మూడు రకాల టైర్లను అక్కడ వాడి చూశాను. ఒక్కోదాని మీద నా అభిప్రాయం మొదట ఆ మలుపులోనే ఏర్పడింది. తక్కిన మలుపులు దాన్ని కొన్నిసార్లు బలపరచాయి, కొన్నిసార్లు సరిదిద్దాయి.

నా కారు 2022 మోడల్ టయోటా జీఆర్86. 2.4 లీటర్ల బాక్సర్ ఇంజను, 228 హార్స్‌పవర్, శక్తి వెనక చక్రాలకు, బరువు సుమారు 1,280 కిలోలు. నేటి స్పోర్ట్స్ కార్ల మధ్య ఈ లెక్కలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ, టైర్లను పోల్చడానికి ఇటువంటి కారే అనువైనదని నా నమ్మకం. శక్తి మితంగా ఉంటుంది కాబట్టి మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని తిన్నని దారిలో ఇంజనుతో పూడ్చుకోవడం కుదరదు. బరువు తక్కువ కాబట్టి బ్రేకులూ టైర్లూ పట్టుమని మూడు ల్యాపులకే అలసిపోవు. టైరు ఇచ్చే పట్టు ఎంతో దాదాపు అంతే ల్యాపు సమయంలో కనిపిస్తుంది. ప్రీమియం రకానికి కంపెనీ బిగించి ఇచ్చేవి 215/40ఆర్18 కొలత మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లు. ట్రాకు కోసం 17 అంగుళాల వ్యాసం, 9 అంగుళాల వెడల్పు ఉన్న చక్రాలను విడిగా కొని, మూడు రకాల టైర్లనూ 245/40ఆర్17 కొలతలోనే వాటి మీద ఎక్కించాను. ముందు చక్రాలకు మైనస్ 3 డిగ్రీలు, వెనక చక్రాలకు మైనస్ 2 డిగ్రీల కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండే కోణం) పెట్టించి, ట్రాకు కోసం వేయించుకున్న బ్రేకు ప్యాడ్ల రకంతో సహా మరేదీ రెండు సీజన్లలో మార్చలేదు.

పోలికకు తీసుకున్నవి బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా అడ్వాన్ ఏ052, హాంకూక్ వెంటస్ ఆర్-ఎస్4. మూడింటి పక్కగోడ మీదా ట్రెడ్‌వేర్ (అరుగుదల సూచిక) 200 అని ఉంటుంది, ఆ అంకెను చూసి మూడూ ఒక్కటే అనుకునేవారిని ప్యాడాక్‌లో, అంటే కార్లు నిలిపి సిద్ధం చేసుకునే ఆవరణలో, తరచూ కలుస్తుంటాను. ఆ అంకె అమెరికా ప్రభుత్వ నిబంధన వల్ల టైరు మీదికి వచ్చినదే అయినా, దాన్ని ప్రభుత్వం కొలిచి వేయదు; తయారీదారే పరీక్షించి తానే ప్రకటిస్తాడు. టెక్సాస్‌లోని మామూలు రోడ్ల మీద 7,200 మైళ్ళు నడిపి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదలను అంచనా కట్టే పద్ధతి అది. ట్రాకు మీద రబ్బరు ఎదుర్కొనే వేడికీ ఒరిపిడికీ ఆ రోడ్డు ప్రయాణానికీ పోలిక లేదు. పైగా అమెరికా స్పోర్ట్స్ కార్ల క్లబ్బు ఎస్‌సీసీఏ వంటి సంస్థలు వీధి టైర్ల తరగతుల్లో 200కు తగ్గకూడదని నియమం పెట్టడంతో, తయారీదారులు సరిగ్గా ఆ గీత మీద నిలబడి, గీత దాటకుండా ఎంత పట్టు ఇవ్వగలమా అని పోటీ పడుతున్నారు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అందరూ అన్నదమ్ములు కానట్టే, 200 అన్న ముద్ర ఉన్నంత మాత్రాన ఈ టైర్ల స్వభావాలు కలవవు.

సొంత కార్లను ట్రాకు మీద నడపనిచ్చే ట్రాక్ డేలలో ఒక్కో విడత 20 నిమిషాలు, రోజుకు నాలుగు విడతలు దొరుకుతాయి. సమయాన్ని జీపీఎస్ టైమరుతో నమోదు చేశాను. విల్లోస్ చుట్టూ వరి పొలాలు, బాదం తోటలు ఉన్నా, జూలైలో అక్కడి ఎండ మాత్రం రెంటచింతల వేసవికి తీసిపోదు. 40 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు ఉన్నాయి. ఫిబ్రవరి ఉదయాల్లో చేతులు కొంకర్లు పోయే చలి ఉంటుంది. అందువల్ల వేరు వేరు నెలల్లో తీసుకున్న సమయాలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇక్కడ నేను చెప్పే సమయాలన్నీ వసంతంలో, ఉదయం రెండో విడతలో, గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నప్పుడు నమోదైనవి. నేను పోటీల్లో పాల్గొనేవాణ్ణి కాను, మధ్య స్థాయి బృందంలో నడిపేవాణ్ణి. నాకంటే నేర్పున్నవారి చేతిలో ఈ సమయాలన్నీ తగ్గుతాయి, వాటి మధ్య తేడాలు మాత్రం బహుశా ఇలాగే ఉంటాయి.

ముందుగా కంపెనీ టైర్ల సంగతి క్లుప్తంగా. పైలట్ స్పోర్ట్ 4 మీద నా ఉత్తమ సమయం 2 నిమిషాల 17 సెకన్లు. రోడ్డు మీద, వానలో, రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో ఇది చాలా మంచి టైరు. ట్రాకు మీద కూడా మొదటి నాలుగైదు ట్రాక్ డేలకు దీన్ని మార్చనవసరం లేదని గట్టిగా చెబుతాను. తక్కువ వేగంలోనే జారడం మొదలుపెట్టి, జారుతున్నప్పుడు గట్టిగా అరిచి చెబుతుంది కాబట్టి, బరువు ముందుకు వెనక్కు ఎలా మారుతుందో, బ్రేకును ఎంత నెమ్మదిగా వదలాలో అది నేర్పినంత స్పష్టంగా పట్టు ఎక్కువ ఉన్న టైరు నేర్పదు. పట్టు ఎక్కువైన కొద్దీ తప్పుల మీద పరదా కప్పుతుంది, ఆ పరదా తొలగినప్పుడు కారు చాలా వేగంలో ఉంటుంది.

హాంకూక్ ఆర్-ఎస్4 ఎక్కించిన మొదటి రోజు ఉదయం నాకు నిరాశే కలిగింది. మొదటి ల్యాపులో అది చెక్క మీద నడిచినట్టు ఉంటుంది, రెండో ల్యాపులో కూడా నమ్మకం కుదరదు. మూడో ల్యాపు నుంచి పట్టు వస్తుంది; వచ్చిన తరువాత, 20 నిమిషాల జెండా పడేవరకు ఆ పట్టు దాదాపు అదే స్థాయిలో ఉంటుంది. జూలై మధ్యాహ్నం, ప్యాడాక్‌లో సగం మంది ఎండకు తట్టుకోలేక కార్లను ట్రెయిలర్లకు ఎక్కించుకుంటున్న వేళ, నేను నాలుగో విడతలో ఎనిమిదో ల్యాపును మూడో ల్యాపుకు అర సెకను తేడాతో పూర్తి చేయగలిగాను. దీని మీద నా ఉత్తమ సమయం 2 నిమిషాల 13.6 సెకన్లు. రెండో మలుపులో దీని ప్రవర్తన నాకు చాలా నచ్చింది: పట్టు హద్దుకు చేరుతున్నప్పుడు స్టీరింగు క్రమంగా తేలికవుతుంది, ఆ తేలికదనం మొదలైన దగ్గర నుంచి కారు నిజంగా వెలుపలికి జరగడం మొదలయ్యే దాకా మధ్యలో ఆలోచించుకునేంత ఎడం ఉంటుంది. పాదం కాస్త వెనక్కు తీస్తే మళ్ళీ మనం అనుకున్న దారిలోకి, గీతలోకి వస్తుంది. చవకలో, గంటల తరబడి జరిగే ఎండ్యూరెన్స్ రేసుల్లో ఎందరో జట్లు దీన్ని ఎందుకు ఎంచుకుంటాయో అప్పుడు అర్థమైంది. నాకు ఒక్క జత (నాలుగు టైర్లు) 11 ట్రాక్ డేలు వచ్చింది.

దాని పరిమితి కూడా అక్కడే ఉంది. బ్రేకు వేస్తూ మలుపులోకి తిప్పేటప్పుడు ముందుభాగం ఒక్క క్షణం ఆలస్యంగా స్పందిస్తుంది. ఐదో మలుపు దగ్గర, అక్కడివారు సైక్లోన్ అని పిలిచే గుట్ట మీద, ఎక్కుతూ తిప్పాలి, శిఖరం అవతల ఏముందో కనిపించదు, శిఖరం మీద కారు తేలికై టైర్ల మీద భారం తగ్గుతుంది. అటువంటి చోట ఆ క్షణం ఆలస్యం వల్ల నేను అనుకున్న గీతకు అడుగు దూరంలో తేలేవాణ్ణి. అలవాటైతే ముందే తిప్పడం నేర్చుకుంటాం, కానీ అది టైరుకు మనం అలవాటు పడటమే. చలికాలపు ఉదయం మొదటి విడతలోనైతే దీన్ని అతి జాగ్రత్తగా నడపాలి.

ఈ ఆలస్యం ఎందుకో, తక్కిన రెండు టైర్లు ఎందుకు వేరుగా ప్రవర్తిస్తాయో తెలియాలంటే రబ్బరు రోడ్డును ఎలా పట్టుకుంటుందో కొంచెం చూడాలి. ఒకటి, రబ్బరు అణువులు రాతి ఉపరితలానికి అతుక్కుని, తెగి, మళ్ళీ అతుక్కుంటాయి. రెండు, తారులోని కంకర మొనలు రబ్బరులోకి దిగినప్పుడు అది అణిగి, వెంటనే పూర్వరూపానికి రాకుండా కాస్త వెనకబడుతుంది. అలా అణిగి లేవడంలో ఖర్చైన శక్తి వేడిగా మారుతుంది, ఆ వెనకబాటే పట్టుగా మనకు అందుతుంది. ఈ రెండూ బాగా పనిచేయడానికి రబ్బరు ఒక ఉష్ణోగ్రత పరిధిలో ఉండాలి. అంతకు చల్లగా ఉంటే గట్టిగా ఉండి కంకరలోకి దిగదు. అంతకు వేడెక్కితే తన బలం తానే కోల్పోయి, పైపొర నూనె రాసినట్టు జారుతుంది. పట్టు ఇచ్చే పనే వేడిని పుట్టిస్తుంది కాబట్టి, టైరు తయారీ అంటే ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత పట్టు ఇవ్వాలి, ఆ పరిధి ఎంత వెడల్పుగా ఉండాలి అని బేరమాడుకోవడమే. ఆర్-ఎస్4 ఆ పరిధిని పైన, వెడల్పుగా పెట్టుకుంది. ఏ052 కింద, ఇరుకుగా, చాలా ఎత్తైన శిఖరంతో పెట్టుకుంది. ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ రెంటి నడుమ ఉంది.

ఏ052 గురించి ఇది చెప్పక తప్పదు: నేను ఇంతవరకు వాడిన వీధి టైర్లలో ఇంత పట్టు ఇచ్చింది మరొకటి లేదు. పిట్ (ట్రాకు పక్కన కార్లు ఆగే చోటు) నుంచి బయటికి వచ్చిన ల్యాపులో, ఇంకా వేడెక్కకముందే, అది ఆర్-ఎస్4 వేడెక్కిన తరువాత ఇచ్చేంత పట్టు ఇస్తుంది. మొదటి రోజు రెండో ల్యాపులో, ఎనిమిదో మలుపులోకి నేను అప్పటిదాకా వెళ్ళనంత వేగంతో వెళ్ళాను, అయినా కారు పట్టాల మీద ఉన్నట్టు తిరిగింది. ఆ ల్యాపు 2 నిమిషాల 10.8 సెకన్లు, నా ఉత్తమ సమయం అదే. ఆ సంతోషంలో నేను ఆగలేదు. ఐదో ల్యాపుకు రెండో మలుపులో ముందుభాగం వెలుపలికి కొట్టుకుపోతున్నా స్టీరింగును ఇంకా ఇంకా తిప్పుతూ టైరును మరింత రుద్దాను, అది మరింత వేడెక్కింది, ఏడో ల్యాపుకు సమయం 2 నిమిషాల 13 సెకన్ల మీదికి పోయింది. పిట్‌కు వచ్చి చూస్తే ముందు కుడి టైరు భుజం మీద, అంటే నేలను తాకే ముఖం పక్కగోడను కలిసే అంచున, రబ్బరు పోగులు పోగులుగా లేచి ఉంది. తప్పు నాది. రెండు మూడు ల్యాపులు గట్టిగా నడిపి, ఒక ల్యాపు మెల్లగా చల్లార్చి, మళ్ళీ గట్టిగా నడపవలసిన టైరును నేను గుక్క తిప్పుకోనివ్వకుండా తోలాను. ఒక్క ల్యాపు సమయమే లెక్కకు వచ్చే టైమ్ అటాక్‌కు, శంకువుల మధ్య ఒక్కో కారుగా నడిపే, నిమిషంలో ముగిసే ఆటోక్రాస్‌కు దీన్ని ఎందుకు కోరుకుంటారో ఆ రోజు తెలిసింది. అంత మెత్తని రబ్బరు మన్నిక తక్కువగా ఉండటం సహజం. నా చేతిలో నాలుగు ట్రాక్ డేలకు జత పూర్తయింది, నేర్పుగా నడిపేవారికి ఇంకొంచెం వస్తుంది.

విశాఖపట్నం వైపువారికి యోకోహామా అంటే అచ్యుతాపురం కర్మాగారం గుర్తుకు రావచ్చు. అక్కడ మొదట తయారైనవి పొలాల్లో, గనుల్లో, నిర్మాణ స్థలాల్లో తిరిగే వాహనాల టైర్లు. ఏ052కు వాటితో పేరు తప్ప మరో పోలిక లేదు.

ఇక ఆర్‌ఈ-71ఆర్‌ఎస్. దీని గురించి ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే రెండు సీజన్ల తరువాత నా మనసు నిలిచింది దీని మీదే. మొదటి ల్యాపు సగంలోనే పని చేయడానికి సిద్ధమవుతుంది. పక్కగోడ గట్టిది కాబట్టి స్టీరింగు తిప్పిన వెంటనే ముందుభాగం తిరుగుతుంది. సైక్లోన్ గుట్ట మీద నేను ఎక్కడ ఉండాలనుకున్నానో అక్కడే ఉన్నాను. బ్రేకును వదులుతూ మలుపులోకి దిగే ఆ సున్నితమైన సమయంలో, ముందు టైర్లు ఒకే సారి వేగాన్ని తగ్గించడమూ దిశను మార్చడమూ చేయవలసిన చోట, ఇది ఎంత పని చేస్తోందో చేతులకు స్పష్టంగా చెబుతుంది. ఉత్తమ సమయం 2 నిమిషాల 11.5 సెకన్లు, అంటే ఏ052 కంటే ముప్పావు సెకను కన్నా తక్కువ తేడా. కానీ ఏడో ల్యాపులో కూడా నేను 2 నిమిషాల 12 సెకన్ల చిల్లరలోనే ఉన్నాను. విడత మొత్తాన్ని కలిపి సగటు తీస్తే మూడింటిలో ఇదే వేగమైనది. తీవ్రమైన ఎండలో మాత్రం ఇది కూడా చివరి మూడు ల్యాపుల్లో మెత్తబడుతుంది, ఆ రోజుల్లో 15 నిమిషాలకే పిట్‌కు వచ్చేయడం మేలు. ఏడు ట్రాక్ డేలు వచ్చింది.

దీనితో జాగ్రత్త పడవలసింది హద్దు దగ్గర. ఆర్-ఎస్4 లాగా ఇది ముందు నుంచి హెచ్చరిస్తూ పోదు. పట్టు చివరిదాకా నిండుగా ఉండి, హద్దు దాటగానే త్వరగా తగ్గుతుంది. వెనక చక్రాలు జారితే సర్దుకోవడానికి దొరికే వ్యవధి తక్కువ, ఆ సరికి వేగం ఎక్కువ. కారు జారడం చేతికి ఇంకా అలవాటు కానివారు దీన్ని మొదటి ట్రాకు టైరుగా కొనవద్దని నా సలహా.

నా అనుభవంలో టైరు రకం కంటే పెద్ద తేడా తెచ్చింది గాలి ఒత్తిడి. మూడు టైర్లకూ నేను వేడి మీద 32 నుంచి 34 పీఎస్ఐ మధ్య ఉండేలా చూసుకున్నాను. నా కారుకు, నా కాంబర్‌కు అది కుదిరింది. దాని కోసం ఉదయం చల్లని టైరులో 27 దగ్గర మొదలుపెట్టాలి. ఉష్ణోగ్రత ఐదున్నర డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. విల్లోస్‌లో ఉదయం 12 డిగ్రీలు ఉన్న గాలి మధ్యాహ్నానికి 38కి చేరితే, కారు కదలకుండా నిలబడి ఉన్నా నాలుగైదు పీఎస్ఐ పెరిగినట్టే. అది తెలియక ఉదయం పెట్టిన ఒత్తిడితోనే మధ్యాహ్నం ట్రాకు ఎక్కితే, టైరు నడుమ ఉబ్బి, నేలను తాకే మేర తగ్గి, టైరు బాగాలేదన్న తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. ప్రతి విడత ముగిసి పిట్‌లోకి వచ్చిన రెండు నిమిషాల్లో గేజి పెట్టి చూసి, ఎక్కువైన గాలి తీసేయాలి. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు మరిచిపోకుండా మళ్ళీ నింపాలి, ఎందుకంటే మధ్యాహ్నపు వేడిలో గాలి తీసిన టైరు రాత్రి చల్లబడ్డాక ప్రమాదకరమైనంత తక్కువ ఒత్తిడికి పడిపోతుంది. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన పట్టీలో ఉన్న అంకెలు రోడ్డు కోసం. వాటికి తిరిగి తేవాలి.

ఒత్తిడి సరిగా ఉందో లేదో చూడటానికి ఖరీదైన పరికరాలే అక్కరలేదు. టైరు భుజం మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి నాలుగు ల్యాపులు నడిపితే, గీత ఎంతవరకు చెరిగిందో చూసి టైరు ఎంతవరకు ఒరుగుతోందో తెలుసుకోవచ్చు. పక్కగోడ మీదిదాకా చెరిగితే గాలి తక్కువ, లేదా కాంబర్ చాలదు. రబ్బరులోకి సూది గుచ్చి లోపల, నడుమ, వెలుపల ఉష్ణోగ్రతలు కొలిచే పైరోమీటరు ఉంటే ఇంకా మంచిది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ కారు ముందు చక్రాలకు కాంబర్ దాదాపు లేనట్టే. ఆ అమరికతో పై మూడింటిలో ఏ టైరు ఎక్కించినా, నడుమ రబ్బరు నిండుగా ఉండగానే వెలుపలి భుజం అరిగిపోతుంది. ఆ కోణాన్ని మార్చే కాంబర్ ప్లేట్లకు అయ్యే ఖర్చు ఒక్క జత టైర్లలో తిరిగి వస్తుంది. థండర్‌హిల్ అపసవ్య దిశలో తిరిగే ట్రాకు కాబట్టి కుడివైపు టైర్లు ముందు అరుగుతాయి. కుడి ఎడమలను మార్చుకోవడానికి వీలున్న టైర్లైతే ప్రతి రెండు ట్రాక్ డేలకు ఒకసారి మార్చడం వల్ల నాకు జత మొత్తం ఒకేసారి పూర్తయింది.

ఇక్కడ నాకు జరిగినది ఒకటి చెప్పాలి. ఒక దుకాణంలో టైర్లు ఎక్కించుకుని ఇంటికి వచ్చాక, శుభ్రం చేస్తూ చూస్తే, నాలుగింటిలో ఒకటి వెలుపలివైపు అని అచ్చు ఉన్న ముఖం లోపలికి ఉండేలా ఎక్కించి ఉంది. అసమాన నమూనా ఉన్న టైరులో వెలుపలి సగాన్ని మలుపు భారం కోసం, లోపలి సగాన్ని నీటిని తొలగించడం కోసం మలుస్తారు. తిరగబడితే రెండు పనులూ చెడతాయి. తరువాతి ఉదయం తిరిగి వెళ్ళి సరిచేయించుకున్నాను. అప్పటి నుంచి దుకాణం వాకిలి దాటకముందే నాలుగు చక్రాల చుట్టూ తిరిగి పక్కగోడ మీది అక్షరాలు చదువుతాను, తయారైన వారమూ సంవత్సరమూ చెప్పే నాలుగు అంకెలు కూడా చూస్తాను. రెండేళ్ళు గిడ్డంగిలో గడిపిన మెత్తని రబ్బరుకు కొత్త టైరు ధర చెల్లించనవసరం లేదు. చక్రాల నట్లను 120 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో మీరే బిగించుకోండి, మొదటి విడత తరువాత ఒకసారి మళ్ళీ చూడండి.

వాన గురించి. ఒక నవంబరు సాయంత్రం సగం అరిగిన ట్రాకు టైర్ల మీద విల్లోస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాకు ఐ-5 హైవే మీద వస్తుండగా వర్షం పట్టుకుంది. గాడుల లోతు తగ్గిపోయి ఉన్న వెడల్పాటి టైరు కింద నీరు చేరి, స్టీరింగు చేతిలో ఒక్కసారిగా బరువు కోల్పోవడం ట్రాకు మీద ఏ జారుడు కంటే భయపెట్టింది. కుడి వరుసలోకి వచ్చి, గంటకు 45 మైళ్ళ మీద ఇల్లు చేరాను. ఆ తరువాత ట్రాకు టైర్ల మీద రోడ్డు ప్రయాణం మానేశాను. ఈ కారు వెనక సీటు మడిస్తే నాలుగు చక్రాలు లోపల పట్టేలా రూపొందించారు. పైలట్ స్పోర్ట్ 4 మీద వెళ్ళి, ప్యాడాక్‌లో చక్రాలు మార్చుకుని, సాయంత్రం మళ్ళీ మార్చుకుంటాను. అరగంట పని. షికాగో, మిన్నియాపొలిస్ వంటి చోట్ల ఉండే తెలుగువారు మరో సంగతి గుర్తుంచుకోవాలి: ఈ తరహా రబ్బరు గడ్డకట్టే చలిలో పెళుసుబారి చీలవచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు, కాబట్టి శీతకాలంలో వాటిని వెచ్చని గదిలో పెట్టాలి, ఆ చలిలో కారును కదల్చకూడదు.

ఖర్చు విషయం. నేను కొన్నప్పుడు మూడింటిలో ఆర్-ఎస్4 ధర తక్కువ, ఏ052 ధర ఎక్కువ. మన్నికను కూడా లెక్కలోకి తీసుకుంటే ఒక ట్రాక్ డేకు ఏ052 ఖర్చు ఆర్-ఎస్4 ఖర్చుకు మూడింతలు దాటింది, ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ ఖర్చు రెండింతలకు కాస్త తక్కువ. దీనికి తోడు, పట్టు పెరిగితే బ్రేకు గట్టిగా వేయగలం, అంటే ప్యాడ్లూ బ్రేకు ఆయిలూ ఎక్కువ వేడి భరించాలి. కంపెనీ ప్యాడ్లతో, మామూలు బ్రేకు ఆయిలుతో ఈ టైర్లు వాడటం తగదు. టైరుకు ముందు ఆ రెండూ మార్చండి.

హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి మిత్రులు అడుగుతుంటారు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాకు మీద సొంత కారు నడపాలనుకునేవారికి నా పోలికలో పనికొచ్చేది ఉష్ణోగ్రత పాఠం. అక్కడ చల్లని ఉదయం అన్నదే అరుదు, కాబట్టి త్వరగా వేడెక్కే గుణానికి విలువ తక్కువ, వేడిని తట్టుకునే గుణానికి విలువ ఎక్కువ. ఆర్-ఎస్4 తరహా స్వభావం ఉన్న టైరు ఏది దొరికితే దాన్ని చూడటం మంచిది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసులో కార్లన్నీ నడిచింది హాంకూక్ టైర్ల మీదే కనుక ఆ పేరు మనవారికి కొత్త కాదు, అయితే అవి పూర్తిగా రేసు కోసం చేసిన వేరే టైర్లు.

కొనేవారికి నా మాట ఇది. ట్రాకు మీద మొదటి ఏడాది పూర్తి కానివారు కంపెనీ టైర్లు అరిగాక ఆర్-ఎస్4 తీసుకోండి. ఎక్కువ ల్యాపులు తిరగడమే ఆ దశలో అన్నిటికన్నా ముఖ్యం, అది ఆ ల్యాపులు ఇస్తుంది, ఉదయం నేర్చుకున్నది సాయంత్రం కూడా అదే టైరు మీద పనికొస్తుంది. సమయాన్ని ఒక్క ల్యాపులో కొలుచుకునేవారు, టైరును చల్లార్చుకుంటూ నడిపే ఓర్పు ఉన్నవారు ఏ052 కొనండి, అది మిమ్మల్ని నిరాశపరచదు. రెండింటి నడుమ ఉన్న నాలాంటివారికి, మొదటి ల్యాపు నుంచి చివరి ల్యాపు దాకా దాదాపు ఒకే మాట మీద ఉంటూ, గుట్ట మీద అవతలివైపు కనిపించని చోట అనుకున్న గీతలో నిలిపే టైరు కావాలి. మార్చిలో మొదలయ్యే సీజను కోసం నేను ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ మరో జత తెప్పించుకున్నాను. నా దగ్గర మిగిలిన ఆర్-ఎస్4 జతలో ఇంకా మూడు నాలుగు రోజుల రబ్బరు ఉంది. మొదటిసారి ట్రాకుకు వస్తున్న మా పక్కింటి కుర్రాడి కారు కూడా జీఆర్86నే కాబట్టి, ఆ చక్రాలను అతని కోసం గ్యారేజీలో పక్కన పెట్టాను.